డ్రైవర్ల మార్పులు ప్రధాన కెర్నల్‌లోకే చేరాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. చిప్పుల తయారీ సంస్థలు తమ డ్రైవర్లకు (పరికరాలను నడిపించే ప్రోగ్రాములకు) చేసుకున్న మార్పులను లినక్స్ ప్రధాన కెర్నల్‌కు (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగానికి) పంపకుండా తమ వద్దే అట్టిపెట్టుకోవడం వల్ల, ఇంకా చక్కగా పనిచేయగల పరికరాలు అకాలంగా మూలనపడుతున్నాయి. ఈ విషయం ప్రోగ్రామర్ల మధ్యే ఉండిపోకుండా సంస్థల యాజమాన్యాలకూ కొనుగోలుదారులకూ చేరాలని ఈ లేఖ రాస్తున్నాను.

కెర్నల్ కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకొకటి వస్తుంది. మనం వాడే ప్రోగ్రాములు కొత్త కెర్నల్ మీద పనిచేయకుండా పోకూడదని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుబడతారు గానీ, కెర్నల్ లోపలి ఫంక్షన్ల (ఒక్కో పని చేసే కోడ్ భాగాల) విషయంలో అలాంటి హామీ లేదు, అవసరాన్ని బట్టి అవి మారుతూనే ఉంటాయి. ఉదాహరణకు, ప్రోగ్రామ్ ఇచ్చిన మెమొరీ అడ్రస్ చెల్లుతుందో లేదో చూసే ‘యాక్సెస్ ఓకే’ అనే ఫంక్షన్‌కు ఒకప్పుడు మూడు ఆర్గ్యుమెంట్లు (దానికి అందించే విలువలు) ఉండేవి. 2019లో వచ్చిన కెర్నల్ 5.0 వెర్షన్‌లో మొదటిదాన్ని తీసేశారు. కెర్నల్‌లో దాన్ని వాడే చోట్లన్నిటినీ ఆ మార్పుతో పాటే సరిచేశారు. బయట ఉండిపోయిన డ్రైవర్లు మాత్రం కొత్త కెర్నల్ మీద కంపైల్ కాక (యంత్రం నడపగల రూపంలోకి మారక) ఆగిపోయాయి. అంతకు ముందు 4.15లో టైమర్లను సిద్ధం చేసే పద్ధతి మారినప్పుడూ ఇదే జరిగింది. లోపల ఉన్న డ్రైవర్‌ను, మార్పు చేసినవారే సరిదిద్దిపెడతారు. బయట ఉన్నదాన్ని ఎవరికి వారే మోసుకోవాలి. దాన్ని రాసిన బృందం మరో ఉత్పత్తికి మళ్లిపోయాక ఆ పరికరం పాత కెర్నల్‌కే కట్టుబడిపోతుంది, దానికి భద్రతా సవరణలు కూడా అందవు.

పంపిన కోడ్ సమీక్షకు ఎక్కువ కాలం పడుతుందని, మెయింటెయినర్లు (కోడ్‌ను పరిశీలించి కెర్నల్‌లో చేర్చుకునేవారు) కఠినంగా ఉంటారని సంస్థలు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. నిర్ణీత సమయంలోనే స్పందన వచ్చేలా చేసే రియల్‌టైమ్ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పూర్తిగా లోపలికి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టి, 2024లో వచ్చిన 6.12తో గానీ ఆ పని ముగియలేదు. అయితే మామూలు డ్రైవర్ల విషయంలో ఆలస్యానికి కారణం చాలావరకు పంపే తీరులోనే ఉందని నా అభిప్రాయం. ఉత్పత్తి మార్కెట్లోకి వెళ్లాక, వేల లైన్ల కోడ్‌ను ఒకే ప్యాచ్‌గా పంపితే దాన్ని ఎవరూ శ్రద్ధగా చదవలేరు. అలాంటి కోడ్‌లో, ప్రతి కెర్నల్ వెర్షన్ మీదా పనిచేసేలా వెర్షన్‌కొక షరతు రాసి ఉంటుంది. కొన్ని వైఫై డ్రైవర్లలోనైతే, కెర్నల్‌లో ‘మ్యాక్ 80211’ అనే ఉమ్మడి వ్యవస్థ సిద్ధంగా ఉన్నా, అదే పనిచేసే సొంత కోడ్ మళ్లీ కనిపిస్తుంది. ముందుగా వీటిని తొలగించి, ఒక్కో మార్పును ఎందుకు చేశారో వివరిస్తూ, విడివిడిగా కంపైలయ్యే చిన్న ప్యాచ్‌లుగా, డ్రైవర్ రాస్తున్న రోజుల్లోనే పంపడం మొదలుపెడితే సమీక్షకుల అభ్యంతరాలు సగం పని కాకముందే తెలిసిపోతాయి.

ఇంకా మెరుగుపడాల్సిన డ్రైవర్ల కోసం 2008 నుంచి ‘స్టేజింగ్’ విభాగం ఉంది. కానీ కోడ్‌ను అక్కడ పడేసి వెళ్లిపోతే చాలదు. ఆండ్రాయిడ్ డ్రైవర్లు అలాగే అందులో చేరి, పట్టించుకునేవారు లేక 2010లో వచ్చిన 2.6.33లో తొలగింపునకు గురయ్యాయి. మళ్లీ 2012లో 3.3తో గానీ తిరిగి రాలేదు. అందువల్ల డ్రైవర్ చేరిన తర్వాత కూడా దాన్ని చూసుకునే ఇంజనీరు ఒకరుండాలి, ఆ పనికి కేటాయించిన గంటలను ఉద్యోగంలో భాగంగానే లెక్కించాలి. చాలా చోట్ల ఈ పని ఇంజనీర్ల సొంత సమయంలో సాగుతుండటం అన్యాయం.

పెద్ద ఎత్తున పరికరాలు కొనే సంస్థలు, ప్రభుత్వ విభాగాలు తలచుకుంటే ఈ పరిస్థితి త్వరగా మారుతుంది. డ్రైవర్లు ప్రధాన కెర్నల్‌లో ఇప్పటికే ఉండాలి, లేదా వాటి ప్యాచ్‌లు సమీక్షకు వెళ్లి ఉండాలి అన్న షరతును టెండరు పత్రాల్లో చేర్చాలని ఆ కొనుగోలు అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కెర్నల్ ప్రోగ్రామర్