గ్వాటెమాలా సంస్కృతి శాఖ మంత్రి గారికి: 2032 సెప్టెంబర్ 7 గురించి ఒక బహిరంగ లేఖ

గ్వాటెమాలా దేశ సంస్కృతి, క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం అండీ. ఈ లేఖ తెలుగులో రాస్తున్నా. మీకు తెలుగు రాదని తెలుసు, నాకు స్పానిష్ రాదు, మీ దేశంలో ఇప్పటికీ లక్షల మంది మాట్లాడే కిచె అనే మాయా భాష అసలే రాదు. అయినా బహిరంగ లేఖ అంటే సగం అడ్రస్ మీద ఉన్నవాళ్ళకి, సగం పక్కన నిలబడి వినేవాళ్ళకి కదా, మావాళ్ళు విన్నా చాలు, మీదాకా వస్తే నా అదృష్టం.

విషయం ముందే చెప్పేస్తా. 2032 సెప్టెంబర్ 7న మాయా వాళ్ళ లెక్కలో ఒక కతున్, అంటే 7,200 రోజుల కాలం, నిండుతుంది, యుగాంతం అని అందరూ భయపడ్డ 2012 డిసెంబర్ 21 తర్వాత నిండబోయే మొదటి కతున్ అదే. ఇప్పటికైతే ఎవరూ పట్టించుకోవట్లేదు గానీ, ఏదో ఒక రోజు యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ చేసుకునే ఎవడి కంటో పడుతుంది, ఎర్ర బాణం గుర్తు, మంటల్లో భూమి, "మాయన్లు అప్పుడు తప్పలేదు, లెక్క మనమే తప్పాం" అని టైటిల్, ఇంక మొదలు. అప్పుడు అందరూ పరిగెత్తుకొచ్చేది పాత మాయా గుళ్ళున్న మీ తికాల్‌కే, అది ఉన్నది మీ శాఖ చేతిలోనే. అందుకే ఇంత ముందుగా రాస్తున్నా.

నా సంగతి చెప్తా. 2012లో నేను గుంటూరు దగ్గర ఒక కాలేజీ హాస్టల్లో ఇంటర్ సెకండియర్. డిసెంబర్ మొదటి వారం నుంచీ టీవీల్లో యుగాంతం తప్ప ఇంకో మాట లేదు, స్క్రీన్ మూల కౌంట్‌డౌన్, వెనకాల హాలీవుడ్ సినిమా క్లిప్పులు, ముందు ఒక జ్యోతిష్కుడు, ఒక హేతువాది, మధ్యలో అరిచే యాంకర్. మెస్‌లో అన్నం తింటూ నవ్వుకునేవాళ్ళం, రాత్రి లైట్లు తీసేశాక మాత్రం ఎవడికి వాడు దుప్పట్లో ఆలోచించుకునేవాడు, ఈ మాట ఇప్పటిదాకా ఎవడూ ఒప్పుకోలేదు లెండి. 19న అమ్మ ఫోన్ చేసి "ఏమీ కాదులే గానీ, ఏమన్నా అయితే అందరం ఒకచోట ఉంటాం, వచ్చెయ్ రా" అంది. చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయా. 20 రాత్రి అమ్మ పులిహోర చేసింది, నాన్న పన్నెండింటి దాకా మేలుకుని తర్వాత గురక పెట్టాడు, 21 శుక్రవారం తెల్లారింది, పాలవాడు వచ్చాడు. సోమవారం కాలేజీకి వెళ్తే చెప్పకుండా పోయినందుకు ఫైన్ కట్టించుకున్నారు. ప్రపంచం అంతం కాకపోవడం వల్ల నాకు జరిగిన నష్టం అదీ.

నాకైతే నవ్వులాట, అందరికీ కాదు. 2008లో యూరప్‌లో సెర్న్ అనే సైన్స్ సంస్థ వాళ్ళ పెద్ద మెషీన్ ఆన్ చేస్తే అది భూమిని మింగేస్తుందని ఇక్కడి ఛానెళ్ళు ఊదరగొడితే, ఆ భయంతో మధ్యప్రదేశ్‌లో ఒక పదహారేళ్ళ అమ్మాయి ప్రాణం తీసుకుంది. 2012 ముందు నాసాలో డేవిడ్ మోరిసన్ అనే సైంటిస్టుకి జనం రాసిన వేల ప్రశ్నల్లో, ఆ రోజు చూడకముందే చచ్చిపోదామనుకుంటున్నాం అని రాసిన పిల్లలు కూడా ఉన్నారు.

ఉద్యోగంలో చేరాక ఒక సెలవుల్లో ఊరికే కూర్చుని ఆ క్యాలెండర్ ఏంటో చదివా. చదివాక కోపం వచ్చింది, భయపడినందుకు నా మీద కాదు, అంత అందమైన లెక్కని ఇంత చండాలంగా అమ్మినందుకు.

మావాళ్ళకి అర్థమయ్యేలా చెప్తా. మా నాయనమ్మ కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, "లాభం" అనేది, లాభం, రెండు, మూడు అని పోయేది. గిద్దలు నిండితే సోల, సోలలు నిండితే తవ్వ, తవ్వలు మానిక, అలా కుంచం దాకా. మాయా వాళ్ళ లాంగ్ కౌంట్ కూడా అంతే, వాళ్ళు కొలిచింది వడ్లని కాదు రోజుల్ని. 20 రోజులు ఒక వినాల్, 18 వినాల్‌లు ఒక తున్, అంటే 360 రోజులు, 20 తున్‌లు ఒక కతున్, 7,200 రోజులు, 20 కతున్‌లు ఒక బక్తున్, 1,44,000 రోజులు. ఈ లెక్క మొదలైంది మన ఇప్పటి క్యాలెండర్ వెనక్కి జరిపి చూస్తే క్రీ.పూ. 3114 ఆగస్టు 11న. 2012 డిసెంబర్ 21కి పదమూడు బక్తున్‌లు నిండాయి, మొత్తం 18,72,000 రోజులు. కుంచం నిండింది, ఇంకో కుంచం పెట్టాలి, అంతే కదా. కుంచం నిండిందని మా ఊళ్ళో ఎవరూ కళ్ళం వదిలేసి పారిపోలేదు.

అయితే అనుమానం పూర్తిగా గాల్లోంచి ఊడిపడలేదు, అదీ చెప్పాలి. ఇంతకు ముందు సృష్టి పదమూడో బక్తున్ దగ్గరే ముగిసి ఇప్పటిది మొదలైందని మాయా శాసనాల్లో ఉంది. 1966లో మైకేల్ కో అనే పెద్ద పండితుడు తన పుస్తకంలో, ఈసారి పదమూడు నిండినప్పుడు ప్రళయం రావచ్చు అన్నట్టు రాశాడు, ఆయన మొదట వేసిన తేదీ 2011 డిసెంబర్. అక్కడ పడిన నిప్పురవ్వకి తర్వాత వచ్చిన న్యూ ఏజ్ గురువులు విసనకర్ర పట్టారు. నిబిరు అనే లేని గ్రహం ఒకటి 2003లో భూమిని గుద్దాల్సి ఉండె, గుద్దలేదు, దాన్ని కూడా తీసుకొచ్చి 2012కి అతికించారు. మాయా వాళ్ళకీ ఆ గ్రహానికీ సంబంధం లేదు, పెళ్ళి మాత్రం చేసేశారు.

మరి మాయా రాజులు స్వయంగా ఏం చెక్కించారు? మెక్సికోలో పాలెంకేలో, 615లో గద్దెనెక్కిన పకాల్ అనే రాజు పట్టాభిషేకం రోజు మళ్ళీ ఎప్పుడు తిరిగొస్తుందో లెక్కేసి 4772 అక్టోబర్ దాకా పోయారు. 2012లో అంతా అయిపోద్దనుకునే వాళ్ళు 4772లో పండగకి తారీఖు పెట్టుకుంటారా? ఇంకోటి మీ పెతేన్ అడవిలోనే దొరికింది, లా కొరోనా అనే పాత మాయా ఊళ్ళో. అక్కడి మెట్ల రాళ్ళ మీద ఈ 2012 తేదీ ఉందని సరిగ్గా 2012లోనే పండితులు బయటపెట్టారు, ప్రళయం వార్త కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు ఎగిరి గంతేశారు, చదివి చూస్తే తేలింది రాజకీయం. కలక్‌ముల్ అనే ఇంకో మాయా రాజ్యం రాజు 695లో తికాల్ చేతిలో ఓడిపోయాడు, మరుసటి ఏడు మిత్రుల్ని కలవడానికి లా కొరోనా వచ్చాడు, తన హయాంలో పదమూడో కతున్ నిండింది కాబట్టి నన్ను పదమూడో బక్తున్ నిండే రోజుతో కలిపి చూడండి అని రాయించుకున్నాడు. ఓడిపోయిన నాయకుడు ఊరూరా ఫ్లెక్సీలు కట్టించుకోవడం మాకు కొత్త కాదండీ, పదమూడొందల ఏళ్ళ కిందటే రాతి మీద కట్టించాడు అంతే తేడా.

షూల్తున్‌లో కూడా, అదీ పెతేనే, తొమ్మిదో శతాబ్దం నాటి చిన్న గది గోడ మీద చంద్రుడు, గ్రహాల లెక్కలు దొరికాయి, వేల ఏళ్ళ పొడవున పోయే లెక్కలు. ఒక లెక్కలాయన ఆ గోడనే బ్లాక్ బోర్డు చేసుకున్నాడు అనిపిస్తుంది ఆ ఫోటోలు చూస్తే. నేను ప్రేమలో పడింది అక్కడే.

ఇప్పుడు మీకు ఇబ్బందిగా ఉండే మాట. 2012లో మీ ప్రభుత్వం ఏం చేసింది? టూరిస్టుల కోసం పండగ చేసింది. 21న తికాల్‌కి ఏడు వేల మందికి పైగా వచ్చారు, ఎక్కకూడదని నిషేధం ఉన్న రెండో నంబర్ గుడి మెట్లెక్కారు, రాళ్ళు దెబ్బతిన్నాయి, బాగుచెయ్యలేనంతగా అని అక్కడి నిపుణుడే ఒప్పుకున్నాడు. లోకం నిలబడింది, గుడి మెట్లు పోయాయి. మాయా పెద్దల సంఘం ఒహ్లహుహ్ అహ్‌పోప్ అప్పుడే మొత్తుకుంది, మా కాలచక్రాల గురించి నిజం చెప్పట్లేదు, డబ్బు కోసం మమ్మల్ని జానపద షోగా మార్చేస్తున్నారు అని. ఎవరు విన్నారు? ఆ పండగకి రెండు నెలల ముందు, అక్టోబర్ 4న, తోతోనికపాన్‌లో రోడ్డు మీద నిరసన చేస్తున్న కిచె జనం మీద సైనికులు కాల్పులు జరిపితే కనీసం ఆరుగురు చచ్చిపోయారు. అక్టోబర్‌లో మాయా మనుషులు, డిసెంబర్‌లో మాయా క్యాలెండర్. మీరు అప్పుడు మంత్రి కాదనుకోండి, కుర్చీ మాత్రం అదే కదా.

అసలు యుగాంతం చూసినవాళ్ళు మీ దేశంలోనే ఉన్నారు. 1960 నుంచి 1996 దాకా సాగిన అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా మాయమయ్యారు, ఎవరో గుర్తు తెలిసిన బాధితుల్లో 83 శాతం మాయా వాళ్ళేనని 1999లో సత్యశోధన కమిషన్ తేల్చింది. ఇషిల్ అనే మాయా జనం పల్లెలకి ప్రళయం 1982లోనే వచ్చింది, నిబిరు మీద కాదు, సైనిక ట్రక్కుల్లో. ఆ సంగతి మా ఛానెళ్ళలో ఒక్క నిమిషం రాలేదు. మాకు మాయన్లు అంటే ఎప్పుడో అంతరించిపోయిన వాళ్ళు, పుర్రె మాస్కులు వేసుకున్న గ్రాఫిక్స్ బొమ్మలు. బతికున్న మాయా వాళ్ళు లక్షల్లో ఉన్నారని, వాళ్ళలో ఇప్పటికీ 260 రోజుల లెక్క చూసి చెప్పే పెద్దలు ఉన్నారని, మోమోస్తెనాంగోలో ఆ లెక్కలో 8 బాట్స్ అనే రోజు వచ్చినప్పుడు పండగ చేస్తారని నేను ముప్పై ఏళ్ళు వచ్చాక తెలుసుకున్నా. మా పురోహితుడు పంచాంగం చూసి ఏ రోజు మంచిదో చెప్తే మేం దాన్ని ప్రళయం అంటామా?

మాదీ తప్పుంది, దాచను. మేం ఈ విషయంలో బాగా ఆరితేరిన వాళ్ళం. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అని దేశమంతా యజ్ఞాలు చేశారు. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుద్దని మా తాతయ్య పెరట్లో కోళ్ళన్నీ కోయించి ఊళ్ళో బాకీ ఉన్నవాళ్ళని కూడా పిలిచి భోజనం పెట్టాడు, అది పోయి ఆస్ట్రేలియాలో పడింది, కోళ్ళు మాత్రం తిరిగి రాలేదు, బాకీలు కూడా. 2012లో మావాళ్ళు ఇంకో ముడి వేశారు, మన కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102, మాయా వాళ్ళది 3114, పన్నెండేళ్ళే తేడా, చూశారా ఇద్దరిదీ ఒకే రహస్యం అని. సరే ఒకటే అనుకుందాం, మరి కలియుగం 4,32,000 ఏళ్ళు అని కూడా అదే పంచాంగంలో ఉంది కదా, ఐదు వేలే అయ్యాయి, రోజూ సంకల్పంలో "ప్రథమపాదే" అని చదువుతూనే భయపడటం ఏంటో. ఆ ఏడు నందన నామ సంవత్సరం. అరవై పేర్లలో చివరిది అక్షయ, అది అయిపోతే మళ్ళీ ప్రభవ అని మా చిన్నపిల్లలకి కూడా తెలుసు. చక్రం అంటే ఏంటో పుట్టుకతో తెలిసిన మేమే పక్కవాళ్ళ చక్రాన్ని చూసి గోడ అనుకున్నాం.

ఇక అడగాల్సింది అడుగుతా. 2032 సెప్టెంబర్ 7కి టికెట్లు అమ్మే ఆలోచన ఎవరైనా మీ టేబుల్ మీదకి తెస్తే, ముందు ఆ లెక్క చూసే పెద్దల్ని పిలిచి వాళ్ళు ఏమంటారో వినండి, మైకు వాళ్ళకే ఇవ్వండి, అతిథులుగా కాదు ఇంటివాళ్ళుగా. తికాల్ రెండో గుడి దగ్గర ఒక బోర్డు పెట్టించండి, 2012లో ఇక్కడ ఏం జరిగిందో, ఈ మెట్లు ఎందుకు ఇలా ఉన్నాయో. అలాగే ఒక చిన్న పుస్తకం వేయించండి, పది పేజీలు చాలు, కతున్ అంటే ఏంటి, బక్తున్ అంటే ఏంటి, వచ్చే బక్తున్ 2407 మార్చి 26న నిండుతుంది, దానికీ భయపడక్కర్లేదు అని, ఆ పెద్దల మాటల్లోనే. ప్రపంచంలో ఎన్ని భాషల్లో భయం అమ్ముడుపోయిందో అన్ని భాషల్లో రావాలి అది. తెలుగులోకి నేను చేసి పెడతా, ఒక్క రూపాయి వద్దు, గిద్ద, సోల, తవ్వ పోలిక మాత్రం ఉంచుకోనివ్వండి.

ఈ లేఖ పూర్తిచేసి మొన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకి చదివి వినిపించా. అంతా విని, బాగుందిరా అని, ఇంతకీ ఆ సెప్టెంబర్ 7 ఏ వారం అని అడిగింది. చూసి చెప్పా, మంగళవారం. "మంగళవారం ప్రయాణం వద్దు, ముందు రోజే వచ్చెయ్" అంది.

ఇట్లు,
2012లో ఫైన్ కట్టిన ఒక గుంటూరు జిల్లా వాడు