పుల్లని బీరులో పండు ఎప్పుడు వేశారన్నదే ప్రశ్న

సంపాదకులకు నమస్కారాలు.

నగరంలోని మైక్రోబ్రూవరీల (తమ దగ్గరే బీరు తయారుచేసి అమ్మే చిన్న బ్రూవరీల) మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్నీ, దానిపై ఆ తరువాత మీరు ప్రచురించిన పాఠకుల ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. పండు వేసి చేసే పుల్లని బీరు, అంటే పబ్బుల మెనూలో ‘ఫ్రూటెడ్ సోర్’ అని రాస్తున్న రకం గురించి ఆ ఉత్తరాలలో రెండు అభిప్రాయాలు కనిపించాయి. బీరు పుల్లగా ఉందంటే చెడిపోయినట్టేననీ, పండు పేరు చెప్పి చెడిన సరుకును అంటగడుతున్నారనీ ఒకరు రాశారు. అది దాదాపు పళ్లరసమేననీ, మామూలు బీరు కంటే ఒంటికి మేలనీ ఇంకొకరు రాశారు. ఆహార పరిశ్రమలో నాణ్యతా పరీక్షల పనిలో చాలా ఏళ్లు గడిపినవాణ్ణి. ఈ రకం బీరుకు పుట్టిల్లనదగిన బ్రస్సెల్స్‌లోనూ, మన హైదరాబాదులోనూ దాన్ని రుచి చూసినవాణ్ణి. ఆ రెండు మాటలూ ఎక్కడ దారి తప్పాయో చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. డబ్బు పెట్టి కొనే మనిషికి గ్లాసులో ఏముందో తెలియాలన్నంతవరకే నా వాదన.

పులుపు సంగతి ముందుగా చెబుతాను. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను (చక్కెరను ఆల్కహాలుగా మార్చే సూక్ష్మజీవిని) పెంచే పద్ధతిని సాధించాడు. ఆ తరువాతే బీరు పరిశ్రమ బాక్టీరియాను పూర్తిగా గడప దాటనివ్వని స్థితికి చేరుకుంది. మన దగ్గర దొరికే లాగర్ బీర్లన్నీ, అంటే పులుపు లేని మామూలు బీర్లన్నీ, ఆ శుభ్రత వారసులే. అంతకుముందు, ముఖ్యంగా నెలల తరబడి చెక్క పీపాలలో నిలవ చేసిన బీరులో, ఎంతో కొంత పులుపు ఉండడం మామూలే. బెర్లిన్ వాళ్లు తమ పుల్లని గోధుమ బీరును ఇష్టపడి తాగేవారు. లైప్‌జిగ్‌లో ఉప్పు, ధనియాలు వేసిన ‘గోజ’ అనే పుల్లని బీరు ఉండేది, ఇప్పుడూ ఉంది. కాబట్టి పులుపు దానంతటదే దోషం కాదు. రావలసిన చోట రావడం, రాకూడని చోట రావడం వేరువేరు సంగతులు. లాగర్ సీసా మూత తీయగానే పుల్లని వాసన వస్తే మొదటి ఉత్తరం రాసినవారి మాటే నిజం, ఆ సీసాను వెనక్కి ఇచ్చేయవలసిందే.

ఈ రకంలో బాగా నిలిచిన ఉదాహరణ బ్రస్సెల్స్ నగరంలోనూ దాని పక్కనున్న సెన్ నది లోయలోనూ చేసే ‘లాంబిక్’. బార్లీ మాల్ట్‌తో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) పాటు మొలకెత్తించని గోధుమలను సుమారు మూడోవంతు వేసి, ఏళ్ల తరబడి నిలవ ఉంచి చేదు తగ్గించిన హాప్స్‌తో (బీరుకు చేదునిచ్చే పువ్వులతో) గంటల కొద్దీ మరిగిస్తారు. ఆ మరిగిన ద్రవాన్ని అటక మీద లోతు తక్కువగా, వెడల్పుగా ఉన్న రాగి తొట్టిలోకి వదిలి రాత్రంతా చల్లారనిస్తారు. ఈస్ట్‌ను ఎవరూ వేయరు. గాలిలోనూ, ఆ గది దూలాల మీదా, పీపాల చెక్కలోనూ ఉన్న సూక్ష్మజీవులే పని మొదలుపెడతాయి. తాటికల్లు తెలిసిన మన పాఠకులకు ఇది కొత్తగా తోచనక్కరలేదు: కల్లు ముంతలోనూ ఎవరూ ఈస్ట్ వేయరు, పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. అయితే కల్లు కొన్ని గంటలలో ముగించే పనిని లాంబిక్ ఒకటి నుంచి మూడేళ్ల దాకా సాగదీస్తుంది. ఎండాకాలంలో గాలిలోని అవాంఛిత జీవులు మితిమీరుతాయని అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే ఈ పద్ధతిలో వండుతారు. ముందు మామూలు ఈస్ట్ చక్కెరలో చాలా భాగాన్ని ఆల్కహాలుగా మారుస్తుంది. కొన్ని నెలల తరువాత పెడియోకోకస్ అనే బాక్టీరియా పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ పైన బ్రెట్టనోమైసిస్ అనే మొండి ఈస్ట్ నిదానంగా మిగిలిన చక్కెరలను తినేస్తూ తనదైన వాసనను ఇస్తుంది. ఈ ఈస్ట్‌ను 1904లో లోకానికి పరిచయం చేసిన క్లౌసెన్ కూడా కార్ల్స్‌బెర్గ్ మనిషే కావడం విశేషం.

ఇక పండు. లాంబిక్‌లో పుల్ల చెర్రీలు వేస్తే దాన్ని ‘క్రీక్’ అంటారు, కోరిందపళ్లు వేస్తే ‘ఫ్రాంబ్వాజ్’ అంటారు. బ్రస్సెల్స్‌లో స్ఖార్బేక్ అనే పేట ఉంది. ఒకప్పుడు అక్కడి చెర్రీలను గాడిదల మీద సంతకు తెచ్చేవారని ఆ పేటను ఇప్పటికీ గాడిదల ఊరు అని సరదాగా పిలుస్తారు. ఆ రకం చెర్రీలు ఇప్పుడు కొద్దిగానే దొరుకుతున్నందున చాలామంది బయటి నుంచి తెప్పించుకుంటారు. ఏడాదికి పైబడిన లాంబిక్‌లోకి లీటరుకు దాదాపు 200 గ్రాముల చొప్పున పళ్లను గింజలతో సహా వేసి నెలల పాటు వదిలేస్తారు. మన చర్చకు కీలకమైన సంగతి ఇక్కడే ఉంది. పండులోని చక్కెరను ఈస్ట్ మొత్తం తినేస్తుంది. సీసాలోకి వెళ్లేసరికి తీపి దాదాపు మిగలదు. తొక్కలోని రంగు, వగరు, గింజలోని చేదుబాదం వాసన, పండు పరిమళం మాత్రం ఉండిపోతాయి.

అందువల్ల క్రీక్‌ను మొదటిసారి తాగినవాళ్లు ఎర్రటి రంగు చూసి తీపిని ఊహించుకుంటారు, మొదటి గుక్కకే ముఖం చిట్లిస్తారు. బ్రస్సెల్స్‌లోని ఆండర్లెక్ట్ పేటలో 1900లో మొదలై నేటికీ నడుస్తున్న కాంటియోన్ బ్రూవరీలో, ఆ పీపాల గదులనే మ్యూజియంగా చూపించే చోట, సీసాను వెదురుబుట్టలాంటి అల్లిక బుట్టలో పక్కకు వాల్చి పెట్టి, అడుగున చేరిన మడ్డి కదలకుండా వంచి పోశారు. గులాబీ రంగు నురగ చూస్తుండగానే తగ్గిపోయింది. పులుపు బాగా ఎక్కిన బీరులో నురగ నిలబడకపోవడం సహజం, దాన్ని పాతబడిన సరుకుకు గుర్తుగా తీసుకోకూడదు. గ్లాసును ముక్కు దగ్గరకు తేగానే ముందు చెర్రీ తొక్క వాసన, దాని వెనుక ఎండుగడ్డి, తడి గోనె, కొంచెం పశువులపాక వాసన వచ్చాయి. ఆ పాక వాసన బ్రెట్టనోమైసిస్ తాలూకుది, మోతాదు మించకుంటే అది గుణమే. నోట్లో పోసుకోగానే నాలుక పక్కలు లాగినట్టయి లాలాజలం ఊరింది. పులుపు సర్దుకున్నాక పళ్ల మీద పట్టుకున్న వగరు, ఆ తరువాత గింజ నుంచి వచ్చిన చేదుబాదం వాసన, చివరకు నోరు పూర్తిగా ఎండినట్టు ఉండే పొడిదనం. హాప్స్ చేదు జాడ లేదు. మరీ చల్లగా ఇస్తే ఈ వరసంతా తెలియదు. అక్కడ నేలమాళిగ చలువతో, సుమారు 12 డిగ్రీల దగ్గర ఇచ్చారు. నాకు రెండో గుక్కకు నచ్చింది. పక్కన కూర్చున్న మా బంధువు ఒకాయన మాత్రం గ్లాసు నా వైపు జరిపి కాఫీ తెప్పించుకున్నారు. ఇది అందరికీ నచ్చి తీరాలన్న నియమమేమీ లేదు.

బెల్జియంలోనూ ఇదంతా ఏకగ్రీవం కాదు. పుల్లని క్రీక్‌కు గిరాకీ తగ్గిన కాలంలో రసం, సిరప్, తీపి పదార్థాలు కలిపి, వేడిచేసి ఈస్ట్‌ను నిర్వీర్యం చేసి, తియ్యని క్రీక్‌లను పెద్దయెత్తున అమ్మసాగారు. పాత పద్ధతి వాళ్లు ఆందోళన చెందారు. చివరకు 1997లో ఐరోపా సమాఖ్య ‘ఔదె క్రీక్’ (పాత క్రీక్) అన్న పేరును సంప్రదాయ పద్ధతికి కేటాయిస్తూ నమోదు చేసింది. తియ్యనిదాన్ని ఎవరూ నిషేధించలేదు. ఏది ఏదో సీసా మీద చదివి తెలుసుకునే వీలు మాత్రం కొనేవాడికి కలిగింది. నేను మన దగ్గర కోరుతున్నదీ అంతే.

మన నగరాల్లోని పబ్బులు మూడేళ్ల లాంబిక్ చేయాలని నేను అనడం లేదు. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీల నిబంధనలు వచ్చిన తరువాత పుట్టిన ఈ చిన్న బ్రూవరీలకు అంత స్థలమూ, అంత కాలం సరుకు నిలవబెట్టే స్తోమతూ ఉండవు. ప్రపంచమంతటా ఎక్కువమంది క్రాఫ్ట్ తయారీదారులు వాడేది ఒక దగ్గరి దారి: మాల్ట్ ద్రవాన్ని పెద్ద పాత్రలో 35 నుంచి 45 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, లాక్టోబాసిల్లస్ బాక్టీరియాను వేసి, ఒకటి రెండు రోజుల్లో తగినంత పులుపు రాగానే మరిగించి బాక్టీరియాను చంపి, ఆ తరువాత మామూలు ఈస్ట్‌తో పులియబెట్టడం. దీన్నే ‘కెటిల్ సోర్’ అంటారు. ఇది మోసం కాదు, మంచి పద్ధతి. పులుపు శుభ్రంగా, సూటిగా ఉంటుంది; లాంబిక్‌లో ఉన్నన్ని పొరలు ఉండవు. తేడా అంతా దానిలోకి పండు ఎప్పుడు వచ్చిందన్న దగ్గర మొదలవుతుంది. ఈస్ట్ చురుగ్గా ఉన్నప్పుడు గుజ్జు వేస్తే చక్కెర ఆల్కహాలవుతుంది. మామిడి విషయంలో ఇది మరీ స్పష్టం: తీపి పోయాక మిగిలేది టెంక దగ్గరి పుల్లదనం, తొక్క దగ్గరి జీడి వాసన. ఆ జీడి వాసనను లోపమనుకునేవారున్నారు. నాకైతే అది లేని మామిడి బీరులో మామిడి వేశారన్న నమ్మకమే కుదరదు. అదే గుజ్జును చివర్లో, ఈస్ట్‌ను వడకట్టాకో చల్లబరిచి పడుకోబెట్టాకో కలిపితే తీపి అంతా అలాగే ఉంటుంది.

మన నగరంలో ఒకచోట మెనూలో ‘మ్యాంగో సోర్’ అని ఉంటే తెప్పించుకున్నాను. చిక్కటి పసుపు రంగు, గ్లాసు అడుగున గుజ్జు, ముక్కుకు డబ్బాలో అమ్మే మామిడి రసం వాసన. పులుపు వెతికినా దొరకలేదు. వడ్డించిన అబ్బాయిని మర్యాదగానే అడిగాను, ఇందులో పులుపేదీ అని. “పులుపు తక్కువైందాండీ, కొంచెం నిమ్మరసం వేసి తెస్తాను సార్” అన్నాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. అయితే సోర్ అన్న పేరుతో మామూలు బీరు కంటే ఎక్కువ ధర తీసుకుని, మామూలు గోధుమ బీరులో రసం కలిపి ఇస్తుంటే మొదటి ఉత్తరం రాసినవారికి అనుమానం రావడంలో వింత లేదు. అనుమానించవలసిన దిక్కు మాత్రం వేరు: సరుకు పులిసిపోయిందని కాదు, పులియనే లేదని.

నిజంగా చెడిన సోర్‌ను గుర్తుపట్టడమూ కష్టం కాదు. వెనిగర్ వాసన కొట్టి గొంతులో మంట పుడితే అసిటిక్ ఆమ్లం మితిమీరిందన్నమాట. గోళ్ల రంగు తీసే మందు వాసన, వాంతి వాసన ఏ బీరులోనూ గుణం కావు. రెండోది పులియబెట్టే పాత్రలోకి వేరే బాక్టీరియా చొరబడినప్పుడు వస్తుంది. ఇంకొక దోషం గమ్మత్తైనది. మింగేదాకా ఏమీ తెలియదు, మింగిన కొన్ని క్షణాలకు ఎలుకల బోను వాసనలాంటిది నోట్లో తేలుతుంది. లాలాజలం కలిసి పులుపు తగ్గాక గాని ఆ పదార్థాలు వాసననివ్వవు. కొందరికి అది అసలే తెలియదు కనుక, ఒక బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరూ ఒకే గ్లాసు గురించి పోట్లాడుకోవచ్చు, ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు.

రెండో ఉత్తరం రాసినవారికి ఒక్క మనవి. పండు ఉన్నంత మాత్రాన అది పళ్లరసం కాదు. క్రీక్‌లో సాధారణంగా 5 నుంచి 6 శాతం ఆల్కహాలు ఉంటుంది, అంటే మామూలు లాగర్‌కు తక్కువేమీ కాదు. గుజ్జు కలిపిన రకాలలో కొన్ని అంతకు మించి ఉంటాయి. తీపీ పులుపూ కలిసి ఆల్కహాలు ఘాటును కప్పేయడం వల్ల తాగేవాడికి లెక్క తప్పుతుంది. చివర్లో కలిపిన పండు చక్కెర దానికి అదనం. ఒంటికి మేలన్న మాటకు ఇందులో ఎక్కడా ఆధారం లేదు. ఇలాంటి మాటలు నమ్మి బండి తాళం జేబులో పెట్టుకుని వెళ్లేవాళ్ల గురించే నా భయం.

మెనూ పలక మీద రెండు వరుసలు అదనంగా రాయడం ఏ బ్రూవరీకీ భారం కాదు. పండును పులిసే దశలో వేశారో, చివర కలిపారో, తీపికి చక్కెర ఏమైనా చేర్చారో, ఆల్కహాలు శాతం ఎంతో రాస్తే, తియ్యనిది కావలసినవాళ్లు తియ్యనిదీ పుల్లనిది కావలసినవాళ్లు పుల్లనిదీ తెలిసి అడుగుతారు. మీ విలేకరులు మళ్లీ ఈ విషయం మీద రాసేటప్పుడు బ్రూవరీ లోపలి అలంకరణ కంటే ముందుగా ఈ ప్రశ్నలు అడగాలని కోరుతున్నాను.

పండు గుజ్జు ఎక్కువగా ఉన్న సోర్ డబ్బాలను అమెరికా నుంచి సూట్‌కేసులలో తెచ్చుకుంటున్న మన కుటుంబాలకు ఒక హెచ్చరిక. గుజ్జులో పులియని చక్కెరా, డబ్బాలో బతికున్న ఈస్టూ రెండూ ఉంటే వెచ్చదనంలో అది మళ్లీ పులవడం మొదలుపెడుతుంది, వాయువు పెరిగి డబ్బా పగలవచ్చు. అందుకే వాటి మీద ఎప్పుడూ చల్లగా ఉంచాలని అచ్చువేస్తారు. మన ఎండల్లో అలాంటి డబ్బాను అల్మరాలో దాచకూడదు. అప్పటికే మూత ఉబ్బి ఉంటే తెరవకుండా, పిల్లలకు దూరంగా, జాగ్రత్తగా పారవేయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్