నవలతో పాటు గుట్టు కూడా ఇచ్చేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో నివసిస్తున్న పాఠకురాలిని. మా కాలనీలోనూ, ఇక్కడి నుంచి కంచరపాలెం, గాజువాక, కూర్మన్నపాలెం వరకు తెలిసినవారి ఇళ్లలోనూ కొన్నేళ్లుగా ఒకే నవల చేతులు మారుతూ వస్తోంది. ప్రేమకథ, నేర పరిశోధన రెండూ కలిసి నడిచే నవల అది. ఈ మధ్య దానికి జరిగిన ఒక అపకారం నన్ను చాలా బాధపెట్టింది. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఉన్నవారందరికీ ఆ సంగతి చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నవల పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు చూడగానే, ఎప్పుడో చదివినవారికి దోషి ఎవరో గుర్తుకొచ్చి, పక్కనున్న వారితో అనేస్తారేమోనన్న భయమే అందుకు కారణం. 1987లో ఒక పాత పుస్తకాల బండి మీద కొన్నాను. అప్పటికే దాని అట్ట ఊడిపోయి ఉంది. పెళ్లయిన తర్వాత నేను సొంత డబ్బుతో కొనుక్కున్న మొదటి పుస్తకం కావడం వల్ల దానిని ప్రాణంగా చూసుకున్నాను, చాలా కాలం ఎవరికీ ఇవ్వలేదు కూడా.

ఆ పట్టుదల వదులుకోవడానికి కారణం హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12న ఆ గాలికి మా కిటికీ అద్దాలు పగిలి, వాన జల్లు నేరుగా పుస్తకాల బీరువా మీద కొట్టింది. వారపత్రికల నుంచి సీరియళ్లు చించి, వరుసగా పేర్చి, కుట్టించి దాచుకున్న బైండు పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. కరెంటు లేని ఆ రోజుల్లో మేడ మీద ఆరబెడితే పుటలు ఒకదానికొకటి అంటుకుపోయి అట్టముక్కల్లా గట్టిపడ్డాయి. ఈ నవల మాత్రం అంతకు నాలుగు నెలల ముందు మా వదిన అడిగి రాజమండ్రి తీసుకువెళ్లడం వల్ల బతికింది. ఎంతకూ తిరిగి పంపడం లేదని అప్పటిదాకా ఆవిడ మీద లోలోపల విసుక్కుంటూనే ఉన్నాను. నేను భద్రంగా దాచుకున్నవన్నీ పోయి, ఇంకొకరి ఇంట్లో ఉన్నది దక్కిందని తెలిసిన నాటి నుంచి దానిని బీరువాలో పెట్టడం మానేశాను.

మా పద్ధతి చాలా సులువైనది. తీసుకున్నవారు పదిహేను రోజుల్లో చదివి, తరువాతి వారికి స్వయంగా అందించాలి. చివరన అంటించిన తెల్ల కాగితం మీద తేదీ, తమ పేట పేరు, కథ బయటపడని ఒక్క వాక్యం రాయాలి. ఫోన్ నంబర్లు, ఇంటి నంబర్లు రాయకూడదు. ఇప్పుడా కాగితం మీద పదకొండు చేతిరాతలు ఉన్నాయి. సముద్రపు గాలిలోని చెమ్మకు కొన్నిచోట్ల సిరా చెదిరింది. ఒకావిడ గుర్తు కోసం పెట్టి మరిచిపోయిన సింహాచలం సంపెంగ ఎండిపోయి, రెండు పుటల మీద గోధుమరంగు మరకగా మిగిలింది. వాసన ఎప్పుడో పోయింది కానీ, రేకుల ఆకారం ఇంకా తెలుస్తుంది. ఆ మరక ఉన్నచోటే కథానాయిక మొదటిసారిగా తాను ప్రేమించిన మనిషిని అనుమానిస్తుంది. ఆవిడ చదవడం అక్కడ ఎందుకు ఆపిందో నాకు అర్థమవుతుంది.

ఇలాంటి నవలలో రెండు ప్రశ్నలు జంటగా నడుస్తాయి. నేరం చేసినది ఎవరన్నది మొదటిది, మనసిచ్చిన వ్యక్తిని నమ్మవచ్చా లేదా అన్నది రెండవది. కేవలం నేర పరిశోధన నవలైతే, దోషి పేరు ముందే తెలిసినా దర్యాప్తు సాగిన తీరు చదివి కొంత సంతోషించవచ్చు. ప్రేమ కూడా తోడైనప్పుడు ఆ అవకాశం ఉండదు. అతను ఆమెకు గొడుగు పట్టినా, ఉత్తరం దాచినా, అడిగిన మాటకు తడుముకుని జవాబు చెప్పినా, అది అనురాగమో కపటమో తేలక పాఠకుడు తల్లడిల్లాలి. మొదటి ప్రశ్నకు జవాబు ఎవరైనా చెప్పేస్తే రెండవదానికీ జవాబు దొరికిపోతుంది, ఇక మిగిలిన రెండు వందల పుటలలో ఏ పలకరింపునూ సందేహించే పని ఉండదు.

మా నవలకు సరిగ్గా ఇదే జరిగింది. చదివిన వారిలో ఒకరు, ఎవరన్నది చెప్పను, 63వ పుటలో ఒక పేరు కింద బాల్ పెన్నుతో రెండు గీతలు గీసి, పక్కన ‘చేసినది ఇతడే’ అని రాశారు. సరదాకే రాసి ఉండవచ్చు. తరువాత పుస్తకం అందుకున్న అమ్మాయి ఒక ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ ముగిశాక ఇంటికి వెళ్లే బస్సులో చదువుకోవచ్చని ఎంతో ఆశతో తీసుకుంది. మూడో రోజే తెచ్చి నా చేతిలో పెట్టి, “ఆంటీ, ఇంక ఇందులో నాకేం మిగిలింది?” అంది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. పుట చిరిగితే అతికించవచ్చు, పుస్తకం పోతే మరో ప్రతి వెతకవచ్చు. ఒక మనిషి ఒక కథను మొదటిసారి చదివే అవకాశం పోతే దానిని తెచ్చి ఇవ్వగలవారు ఎవరూ లేరు.

వారపత్రికలలో సీరియళ్లు వచ్చే రోజులను ఈ సందర్భంగా తలచుకోకుండా ఉండలేను. అందరమూ ఒకే వారం ఒకే ‘సశేషం’ దగ్గర ఆగిపోయేవాళ్లం. ఇంటాయనకూ, ఎదురింటి అత్తయ్యగారికీ, కొట్టులో పత్రిక అమ్మే మనిషికీ తరువాత ఏం జరుగుతుందో సమానంగా తెలియదు కనుక ఎంత చర్చించుకున్నా ఎవరికీ నష్టం ఉండేది కాదు. చేతులు మారే పుస్తకం సంగతి అలా కాదు. ఇచ్చేవారికి ముగింపు తెలుసు, పుచ్చుకునేవారికి తెలియదు. ఆ క్షణంలో పుస్తకంతో పాటు ఒక గుట్టును కాపాడే బాధ్యత కూడా ఇచ్చేవారి మీద పడుతుంది. మాటతోనే కాదు, ‘చివర చూడు, ఆశ్చర్యపోతావు’ అని ఊరించడంతోనూ, ఒక పాత్ర పేరు వినగానే నవ్వడంతోనూ గుట్టు బయటపడుతుందని గ్రహించాలి.

63వ పుటలోని ఆ రాతను చెరిపితే కాగితం చిరుగుతుందని, దాని మీద పలుచని తెల్ల కాగితం అంటించాను. దీపం ముందు పెడితే కింది అక్షరాలు కనిపిస్తున్నాయని మరో కాగితం వేశాను. మైదా జిగురుకు పురుగు పడుతుంది కనుక పుస్తకాలు కుట్టేవారు వాడినట్లు కాస్త మైలతుత్తం కలిపాను. చివరి ఫారం, అంటే కలిపి కుట్టిన ఆఖరి పుటల కట్ట, కుట్టు వదులైతే పాతనగరంలోని ఒక బైండరు దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన మిగతా పని పక్కన పెట్టి, “ఆఖరి ఫారం ఊడిపోతే ఈ పుస్తకం ఎవరికి కావాలమ్మా” అంటూ ముందుగా దానినే కుట్టి ఇచ్చారు.

ఇంత అవస్థ ఎందుకు, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పెట్టేయవచ్చు కదా అని మా పాఠకులలో ఒక యువకుడు అడిగాడు. నేను ఒప్పుకోలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత కూడా 60 సంవత్సరాల వరకు రచనపై హక్కు ఉంటుంది. కొన్న ప్రతిని మరొకరికి చదవడానికి ఇవ్వడం వేరు, కొత్త ప్రతులు పుట్టించి పంచడం వేరు.

ఇక జిల్లా గ్రంథాలయ సంస్థ వారికి ఒక విన్నపం. 1935లో గ్రంథాలయోద్యమ నేత పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి, పుస్తకాన్ని పాఠకుల ఊళ్లకే చేర్చారు. ఈనాడు మనం ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కనుక గ్రంథాలయంలో పుస్తకాలకు ఒక చిన్న అర అడగడం అత్యాశ కాదనుకుంటున్నాను. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో, నగరంలోని శాఖా గ్రంథాలయాలలో ఇలా చేతులు మారే నవలలకు ప్రత్యేకంగా ఒక అర కేటాయించాలి. ప్రతి పుస్తకం చివర తేదీ, పేట పేరు రాసుకునే కాగితం అంటించాలి. ముగింపు చెప్పవద్దు, పుటల మీద రాయవద్దు అన్న రెండు మాటలు మొదటి పుటలోనే పెద్ద అక్షరాలతో ఉంచాలి. ఇళ్లలో అటకల మీద పడి ఉన్న సీరియళ్ల బైండు పుస్తకాలను తెచ్చి ఇవ్వడానికి ముందుకు వచ్చేవారు ఈ నగరంలో చాలామంది ఉంటారని నా నమ్మకం.

మా నవలను కూడా ఆ అరలో పెట్టడానికి సిద్ధంగా ఉన్నాను. 63వ పుటలో అంటించిన తెల్ల కాగితాన్ని మాత్రం ఎవరూ పీకవద్దని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.