చలి కొండల కుక్క, విశాఖ ఉక్కపోత

విశాఖపట్నం,
సీతమ్మధార.

చిన్నమ్మలూ,

వచ్చే నెల మధురవాడ ఫ్లాట్‌లో దిగగానే గోల్డెన్ రిట్రీవర్ పిల్లను తెచ్చుకుంటామని రాశావు. తెచ్చుకోండి. కాకపోతే ఆ బొచ్చూ ఆ కళ్లూ చూసి మురిసిపోయే ముందు, అది ఏ పని కోసం పుట్టిన జాతో తెలుసుకో. దాని మంచితనమూ, దానితో మనకొచ్చే తంటాలూ రెండూ ఆ పనిలోంచే వచ్చాయి.

స్కాట్లండ్ ఉత్తరాన ఇన్వర్నెస్ వైపు కొండల్లో గూషగన్ అని ఒక ఎస్టేటు. దాని యజమాని డడ్లీ మార్జోరీబ్యాంక్స్, తర్వాత లార్డ్ ట్వీడ్‌మౌత్ అయ్యాడు. అప్పటికి తుపాకులు మెరుగుపడి దూరంగా ఎగిరే పక్షిని కూడా కొట్టగలుగుతున్నారు. కొట్టిన బాతు పోయి చల్లటి సరస్సులోనో, పొదల్లోనో పడేది. ఈదుకుంటూ వెళ్లి, పన్ను దిగకుండా నోట కరుచుకొచ్చి చేతిలో పెట్టే కుక్క కావాలి. 1865లో ఆయన బ్రైటన్‌లో ‘నూస్’ అనే పసుపు కుక్కను కొన్నాడు. నల్ల కుక్కల కాన్పులో పుట్టిన పసుపు పిల్ల అది. దాన్ని ‘బెల్’ అనే ట్వీడ్ వాటర్ స్పానియల్‌తో కలిపితే 1868లో పసుపు పిల్లలు పుట్టాయి. ఆ స్పానియల్ జాతి ఇప్పుడు లేదు. పిల్లలకు ప్రిమ్‌రోజ్, కౌస్లిప్, క్రోకస్ అని పువ్వుల పేర్లు పెట్టాడు. మనమైతే తంగేడు, చామంతి అనేవాళ్లం. తర్వాతి తరాల్లో రెడ్ సెటర్, బ్లడ్‌హౌండ్ జాతుల రక్తం కూడా కలిపాడు. రష్యా సర్కస్ కుక్కల నుంచి వచ్చిందని ఇప్పటికీ చెప్పేవాళ్లుంటారు, నమ్మకు. ఆయన రాసుకున్న కుక్కల పద్దు పుస్తకం 1952లో బయటపడ్డాక ఆ కథ తేలిపోయింది. కుక్కల జాతులను నమోదు చేసే ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ 1913లో ఈ జాతిని విడిగా గుర్తించింది. గోల్డెన్ రిట్రీవర్ అన్న పేరు ఖాయమైంది 1920లో.

ఇప్పుడు ఆ సరస్సుల కుక్కను మన ఊరికి తెస్తున్నావు. దాని ఒంటిమీద రెండు వరసల బొచ్చు ఉంటుంది. పైది నీటిని జారుస్తుంది, లోపలిది దూదిలా ఒత్తుగా ఉండి చలిని ఆపుతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగరుస్తుంది, ఆ తడి ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. మే నెలలో మన గాలే తడిగా ఉంటే ఇంక ఆరేదేముంది? అందుకే ఇక్కడ ఎండ కంటే ఉక్క ప్రమాదం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తిప్పడం ఉదయం ఆరులోపు, మళ్లీ రాత్రి ఏడు దాటాకే. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆగలేవు. మామూలుగా దాని ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటి, తూలుతూ జిగట చొంగ కారుస్తుంటే వడదెబ్బే. వెంటనే కుళాయి నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాను కింద పెట్టండి. 39.5కు దిగగానే పోయడం ఆపి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

వేసవి కదా అని గుండు మాత్రం కొట్టించకు. చాలామంది చేసే తప్పు ఇదే. లోబొచ్చు ముందు పెరిగి పైబొచ్చు సరిగా రాదు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. బదులుగా రోజు విడిచి రోజు స్లిక్కర్ బ్రష్‌తో (సన్నటి తీగ పళ్లున్న దువ్వెన) పాయలు పాయలుగా విడదీసి, చర్మం కనిపించేదాకా దువ్వు. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక చిక్కులు పడతాయి. స్నానం నెలకోసారి చాలు గానీ, లోబొచ్చు దాకా ఆరబెట్టకపోతే తడి నిలిచి ఒక్క రాత్రిలో చర్మం ఎర్రబడి రసి కారుతుంది. హాట్ స్పాట్ అంటారు దాన్ని. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

నీళ్లు చూస్తే ఆగదు, సముద్రం సంగతి కూడా చెబుతాను. ఉదయం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపే వేళ తీసుకెళ్లు, కానీ అలల్లోకి వదలకు. అక్కడి లాగుడు మనుషులనే మింగుతోంది. పొడవు తాడుతో, మడమల లోతు వరకే. బంతి విసిరితే దానికి అంటిన తడి ఇసుక కడుపులోకి పోయి పేగుల్లో అడ్డుపడుతుంది. నీళ్లలో తేలే కర్రలాంటి బొమ్మ నయం. ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, కాబట్టి తాగే నీళ్లు వెంట ఉంచు. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి చెవులు దూదితో తుడువు. వేలాడే చెవుల్లో తడి ఉంటే వాసనొస్తుంది, తల విదిలిస్తుంది. అది చెవిపోటుకు మొదటి గుర్తు.

పిల్లను కొనేటప్పుడు ఎనిమిది వారాలు నిండాలి. అంతకంటే చిన్నదాన్ని అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనలకు విరుద్ధం. తల్లిని కళ్లారా చూడందే డబ్బు ఇవ్వకు. తల్లీతండ్రుల తుంటి ఎక్స్‌రే అడుగు, ఈ జాతికి తుంటి కీలు జారే జబ్బు ఉంది. ‘ఇంగ్లిష్ క్రీమ్’ అని తెల్లదానికి రెట్టింపు చెబుతారు. అది వేరే జాతి కాదు, ఒక రంగు. పెద్దయ్యాక ఒళ్లు ఏ రంగుకు తిరుగుతుందో పిల్ల చెవులు చూస్తే తెలిసిపోతుంది.

మీ ఫ్లాట్‌లో నున్నటి టైల్స్ కదా, పిల్ల కాళ్లు జారి కీళ్లు పాడవుతాయి. పడుకునే చోటా, నడిచే దారిలోనూ రబ్బరు చాపలు వెయ్యి. ఎముకలు గట్టిపడాలని కాల్షియం సిరప్ పోయొద్దు. పెద్ద జాతి పిల్లలకు అదనపు కాల్షియంతోనే ఎముకలు వంకరపోతాయి. పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. పెద్దయ్యాక 30 కిలోల కుక్కకు రోజుకు 300–350 గ్రాముల డ్రై ఫుడ్, రెండు పూటలుగా. చంటిగాడు పక్కన కూర్చుని తినిపిస్తే అది ఒక్కపట్టున లావైపోతుంది. పక్కటెముకలు చేతికి తగులుతున్నాయో లేదో వారానికోసారి తడిమి చూడు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ ఇంట్లో ఎక్కడా దానికి అందకూడదు. పిడుదుల మందు ఏడాది పొడవునా మానకు. వాటి కాటుతో వచ్చే జ్వరంలో రక్తకణాలు పడిపోతాయి.

కాపలాకు మాత్రం ఆశ పెట్టుకోకు. దొంగొస్తే తోకూపి వాడి చెప్పే తెచ్చి వాడికిస్తుంది. చెప్పులు మోయడం దాని పుట్టుక. వెంటపడి లాక్కుంటే అది ఆట అనుకుంటుంది. ఒక ముక్క చికెన్ చూపించి ‘వదులు’ అను, రెండు వారాల్లో అలవాటవుతుంది.

నాకు సందేహమంతా ఒక్క చోటే ఉంది. రోజంతా మనిషి పక్కనే పని చేయడానికి తయారైన జాతి ఇది. మీరిద్దరూ తొమ్మిదింటికి రుషికొండ ఆఫీసులకు వెళ్తే, తిరిగొచ్చేది ఏడింటికి. ఒంటరిగా ఉంచితే సోఫా చింపడం, కాళ్లు నాకి నాకి పుండ్లు చేసుకోవడం మొదలవుతుంది. అల్లుడుగారితో కూర్చుని, పగటిపూట దాని దగ్గర ఎవరుంటారో తేల్చి రాయి. ఎవరూ లేకపోతే పిల్లను ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చి మాట్లాడేసుకోవద్దు.

నాన్న