ఆ శాతాలు కొలిచి చెప్పినవి కావు

సంపాదకులకు,

మానసిక చికిత్స మీద మొన్న మీరు వేసిన వ్యాసం బాగుంది, నా పేచీ అంతా పక్కన బాక్సులో ఇచ్చిన శాతాల బొమ్మతోనే. మనిషిలో వచ్చే మార్పుకి 40 శాతం అతని సొంత బలం, చుట్టూ ఉన్న పరిస్థితులు కారణమని, 30 శాతం థెరపిస్టుతో కుదిరే సంబంధం లాంటి, అన్ని చికిత్సల్లోనూ ఉండే ఉమ్మడి అంశాలని, 15 శాతం నయమవుతుందన్న ఆశ అని, చికిత్సా పద్ధతి వాటా మిగిలిన 15 శాతమేనని వేశారు. ఇవి 1992లో మానసిక చికిత్సల పరిశోధకుడు మైకేల్ లాంబర్ట్ ఇచ్చిన అంకెలు. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చదివి వేసిన ఉజ్జాయింపు అంతే, గణాంక పద్ధతులేవీ వాడలేదని ఆయనే చెప్పుకున్నారు.

ఈ ఉమ్మడి అంశాల చర్చ మాత్రం చాలా పాతది. సిద్ధాంతాల్లో ఒకదానికొకటి పొసగని చికిత్సలు కూడా ఫలితం చూపిస్తున్నాయంటే వాటిలో పైకి చెప్పని ఉమ్మడి సంగతులేవో ఉండాలని మనస్తత్వవేత్త సాల్ రోజెన్‌జ్వైగ్ 1936లోనే అన్నారు. ఆ తర్వాత ఎవరి జాబితా వారిదే. 1990లో గ్రెన్‌కావేజ్, నార్‌క్రాస్ అనే పరిశోధకులు ఈ విషయం మీద వచ్చిన 50 రచనలు తిరగేస్తే 89 ఉమ్మడి అంశాలు తేలాయి (ఇన్ని ఉంటే ఇక ఉమ్మడి ఏమిటో!), వాటిని ఐదు వర్గాలు చేశారు. లాంబర్టే తర్వాత ఓగల్స్ అనే మరో పరిశోధకుడితో కలిసి ఈ అంశాల్ని ఆసరా, నేర్చుకోవడం, ఆచరణ అని మూడుగా విడదీశారు. నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో ఒక వరస ఉంది: ముందు ఎదుటి మనిషి మీద గురి కుదరాలి, అప్పుడు తన గురించి తనకి కొత్తగా ఏదో తెలుస్తుంది, ఆ తర్వాతే ఇన్నాళ్లూ భయపడి తప్పించుకున్న పని చేసి చూడగలుగుతారు.

శాతాల బొమ్మలో ఇది కనపడదు. పైగా సంబంధం వేరు, పద్ధతి వేరు అన్నట్టు గీత గీస్తుంది. థెరపిస్టుకీ వచ్చినవారికీ మధ్య పొత్తు అంటే ఆప్యాయత ఒక్కటే కాదని, ఎక్కడికి చేరాలి, అందుకు ఏం చెయ్యాలి అన్న విషయాల్లో ఇద్దరికీ ఏకాభిప్రాయం కూడా అని మనస్తత్వవేత్త బోర్డిన్ 1979లో చెప్పారు. మరి ఏం చెయ్యాలన్నది పద్ధతి కాకపోతే ఇంకేమిటి? ఓసీడీ (వద్దనుకున్నా అవే ఆలోచనలు వచ్చి, అవే పనులు మళ్లీమళ్లీ చేయించే మానసిక సమస్య) సంగతే తీసుకోండి. భయపెట్టే దాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, పదేపదే కడగడం, తనిఖీ చెయ్యడం ఆపుకునే సాధన అందులో బాగా పనిచేస్తుందని రుజువైంది. ఆ బాక్సు చూసిన ఓసీడీ మనిషి "పద్ధతి 15 శాతమేగా, మంచిగా మాట్లాడేవాళ్లు ఎవరైనా చాలు" అనుకుంటే?

కాబట్టి ఈసారి ఆ బొమ్మ వేస్తే పైన "అంచనా" అని పెద్దక్షరాల్లో వెయ్యండి. ఒకే పద్ధతి వాడే ఇద్దరు థెరపిస్టుల ఫలితాల్లో కూడా తేడా ఉంటుంది, దానికి ఆ బొమ్మలో విడిగా చోటే లేదు, వీలైతే దాని మీద ఇంకో వ్యాసం రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు