తల ఊపడం మానేయాలా?

సంపాదకులకు,

కొన్ని ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలకి 'విదేశీ క్లయింట్ల ముందు తల ఆడించొద్దు' అని ట్రైనింగ్‌లో చెబుతున్నారు, ఇదెక్కడి చోద్యమండీ! మనం తలని అటూ ఇటూ కొంచెం వాల్చి ఆడిస్తే అది సరే అనో, వింటున్నా చెప్పండి అనో, కచేరీలో అయితే భేష్ అనో అర్థం. పెద్దవాళ్లు ఏదైనా పని చెప్పినప్పుడు కాదనలేక ఊపే ఊపు ఇంకోటి ఉంది, అసలు తిరకాసంతా దానితోనే; అది పూర్తిగా ఒప్పుకోవడం కాదని మనకి తెలుసు గానీ అమెరికాలో కూర్చున్న మేనేజరుకి ఎలా తెలుస్తుంది? బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవునని. గ్రీస్, టర్కీల్లో తల వెనక్కి ఎత్తి నాలుకతో 'త్చ్' అంటే కాదని. వాళ్లని కూడా మానేయమందామా?

వీడియో కాల్‌లో మనవాళ్లు నోటితో కూడా ఒక మాట చెప్పాలి, నిజమే. కానీ అటువాళ్లు కూడా 'అవుతుందా' అని అడిగి మన తల వంక చూసే బదులు, 'ఎప్పటికి అవుతుంది, ఏం అడ్డొస్తోంది' అని అడగడం నేర్చుకోవాలి. ఆ ట్రైనింగ్ ఎవరిస్తారో మరి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్