బొమ్మ కింద గీసినవారి పేరేది?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో బ్రిటిష్ కామిక్స్ మీద వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. స్కాట్లాండ్‌లోని డండీ నగరం నుంచి 1937లో డాండీ, 1938లో బీనో అనే పిల్లల కామిక్ వారపత్రికలు వెలువడిన తీరునూ, 1950లో బీనో వారానికి 20 లక్షల ప్రతులకు దగ్గరగా అమ్ముడుపోయిన సంగతినీ వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే అభిమానులు ఇంట్లోనే రాసి, జిరాక్సు తీసి, పిన్ను కొట్టి పంచుకునే చిన్న పత్రికలను, అక్కడ జీన్ అని పిలిచే వాటిని, ‘కాలక్షేపం’ అన్న ఒక్క మాటతో తీసిపారేశారు. బ్రిటన్‌లో ఉంటూ ఆరేళ్లుగా అలాంటి పత్రికను నడుపుతున్న నాకు ఆ మాట బాధ కలిగించింది. ఏ బొమ్మ ఎవరు గీశారు, ఏ కథ ఎవరు రాశారు అన్న సమాచారం బ్రిటిష్ కామిక్స్ విషయంలో చాలావరకు వెలుగులోకి వచ్చింది అభిమానుల ఓపిక వల్లనే.

దీనికి కారణం ఉంది. అక్కడి ప్రచురణకర్తలు దశాబ్దాల పాటు చిత్రకారుల పేర్లు అచ్చు వేయలేదు. ఎవరైనా బొమ్మ మూలన పొడి అక్షరాలు గీసినా, అచ్చుకు వెళ్లేలోగా వాటిమీద తెల్లరంగు పూసేసేవారు. డాండీలో డెస్పరేట్ డాన్ అనే పాత్రను గీసిన డడ్లీ వాట్కిన్స్‌కు 1940ల మధ్య నుంచి సంతకం చేసే అవకాశం దక్కింది కానీ, అది అరుదైన మినహాయింపు. 1977లో మొదలైన 2000 ఎ.డి. వారపత్రికలో, అక్కడ కళా విభాగంలో పనిచేస్తున్న కెవిన్ ఓనీల్ చొరవతో రచయిత, చిత్రకారుల పేర్లు కథతోపాటే అచ్చు కావడం మొదలైంది. ఆడపిల్లల వారపత్రిక టామీ 1971లో పుట్టి, 1982లో గానీ పేర్లు వేయలేదు. 1984లో అదీ ఆగిపోయింది. అంటే దాని పదమూడేళ్ల జీవితంలో పనిచేసినవారి పేర్లు పాఠకులకు కనబడింది చివరి రెండేళ్లే. 1958 నుంచి 2001 దాకా నడిచిన బంటీ వంటి పత్రికలను ఎన్ని తరాల ఆడపిల్లలు చదివారో! ఆ కథలు రాసినవారెవరో చదివిన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. నా పత్రికలో ఎక్కువ పేజీలు అందుకే ఆడపిల్లల కామిక్స్‌కు కేటాయిస్తున్నాను.

మీ వ్యాసం పక్కన వేసిన బొమ్మనే ఉదాహరణగా తీసుకోండి. బడి గంట మోగగానే పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడుతూ గేటు దాటి దూసుకొస్తున్న ఆ బొమ్మ, బీనోలోని బాష్ స్ట్రీట్ కిడ్స్ కథది, దాని కింద ప్రచురణ సంస్థ పేరు మాత్రమే ఉంది. ఆ పిల్లలను 1954లో సృష్టించినవారు లియో బాక్సెండేల్. ఆయన 1962లో బీనోను వదిలి వెళ్లాక డేవిడ్ సదర్లాండ్ ఆ బాధ్యత తీసుకుని, 2023లో కన్నుమూసేవరకు దాదాపు 60 ఏళ్లు గీశారు. మొదట్లో బాక్సెండేల్ శైలినే అనుసరించారు కనుక, ఆ సంధికాలపు పేజీ ఎవరిదో తేల్చాలంటే పాత సంచికలు బల్ల మీద పక్కపక్కన పరిచి, వేళ్లు వంగిన తీరు, బూట్ల మడమలు, గోడ మీద గీతలు భూతద్దంతో పోల్చి చూడాలి. ఒక్క పేజీకి ఒక సాయంత్రం పట్టిన సందర్భాలు నాకు ఉన్నాయి. బాక్సెండేల్ తన సృష్టి మీద హక్కుల కోసం ప్రచురణకర్తలతో ఏడేళ్లు న్యాయపోరాటం చేసి, 1987లో కోర్టు బయట రాజీకి వచ్చారు. అలాంటి వ్యక్తి పేరు లేకుండా ఆ బొమ్మ మళ్లీ అచ్చయింది.

చిన్న పత్రికలు పాత సంగతులు తవ్వడానికే పరిమితం కాలేదని కూడా చెప్పాలి. 1981లో పాల్ గ్రావెట్ లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ కామిక్ మార్ట్ అనే కామిక్స్ సంతలో ఫాస్ట్ ఫిక్షన్ పేరుతో ఒక బల్ల వేసి, ఎవరు సొంతంగా అచ్చు వేసుకుని తెచ్చినా అక్కడ అమ్మిపెట్టారు. ఎడ్డీ కాంబెల్ తన జీవితాన్నే కథలుగా గీసిన ఆలెక్ ఆ చిన్న పత్రికల్లోనే మొదలై, తర్వాత పుస్తకాలుగా వచ్చింది.

ఇక తయారీ అంటారా, ఆరు ఎ4 కాగితాలు మధ్యకు మడిస్తే 24 పేజీలు. ఒకే వైపు పక్కపక్కన పడే రెండు పేజీల సంఖ్యలు కూడితే ఎప్పుడూ 25 రావాలి; 1 పక్కన 24, 10 పక్కన 15. ఈ లెక్క తప్పితే కథ మధ్యలో తెగిపోతుంది. పొడవాటి స్టాప్లర్‌తో మడత మీద రెండు పిన్నులు కొడితే పత్రిక సిద్ధం. ఇంత చిన్నదైనా, బ్రిటన్‌లో అచ్చయిన ప్రతి ప్రచురణలాగే దీని కాపీ ఒకటి నెల రోజుల్లోగా బ్రిటిష్ లైబ్రరీకి చేరాలని 2003 నాటి చట్టం చెబుతోంది. నేను ప్రతి సంచికనూ పంపుతున్నాను. చట్టం లెక్కలో పుస్తకంతో సమానమైన దానిని కాలక్షేపమనడం సబబేనా?

మీకు రెండు విన్నపాలు. వచ్చే ఆదివారం ఆ బొమ్మకు సంబంధించి చిన్న సవరణ వేసి, ఆ పిల్లలను సృష్టించిన బాక్సెండేల్ పేరు ఇవ్వండి. బ్రిటన్‌లో స్థిరపడిన మీ పాఠకుల ఇళ్ల అటకల మీద, తమ పిల్లలు చదివి వదిలేసిన బంటీ, టామీ సంచికలు ఉంటే, చిత్తుకాగితాల్లో పారేసేముందు మూలల్లో చెరిపేయని పొడి అక్షరాలేమైనా మిగిలాయేమో ఒకసారి చూడమని కోరండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బ్రిటన్ నుంచి